కాగితపు విందు

నలుని పేర వెలసిన పాకదర్పణము మొదలు మాలతీ చందూర్ గారి ‘వంటలు-పిండివంటలు’ వఱకు గ్రంథములు సమకూర్చి, వారపత్రికలనుండి కత్తిరించిన ముక్కలను అన్నపు మెతుకులతో నోటుపుస్తకమున అంటించి, పనసపొట్టు కూరకు ఆవ యెంత నూఱవలెనో ఎఱ్ఱసిరాతో గీత గీసి, ఏజెన్సీనుండి దిగు అడ్డాకుల విస్తళ్ల ముందు బంధుకోటినెల్ల కూర్చుండబెట్టి కొసరి కొసరి వడ్డించుచున్నట్లు పగటికలలు గను గృహస్థులు మా సాలూరున గలరు. (ఆ విందునకు వంకపెట్టుట వియ్యంకునికైనను తరము కాదు, ఏలయన నది యింకను పొయ్యి యెక్కలేదు.) మొన్న రాయపూరు లారీ దిగి మేనల్లుడొకడు నిజముగనే గడప త్రొక్కగా, పుస్తకము అటకమీదనే యుండెను, అతనికి దక్కినది ఉప్మా. అదియు ఉండకట్టినది. సాలూరు వచ్చు చుట్టములారా, బొబ్బిలిలోనే భోంచేసి బయలుదేరుడు!