ఇంద్రప్రస్థంలో ఇనప కుర్చీ

ఢిల్లీలో ఒక రసజ్ఞ వర్గం ఉంది. వీళ్లకు సంగీతం పట్టదు, సాహిత్యం పట్టదు. ఒకడి వీపు మీద ఇంకొకడు ఇనప మడత కుర్చీ వంగిపోయేలా బాదితే మాత్రం "అబ్బ, ఏం కళరా!" అని మైమరచిపోతారు. దీన్ని హార్డ్‌కోర్ రెజ్లింగ్ అంటారు. ఆంధ్రా భవన్ క్యాంటీన్ క్యూలో మన కుర్రాళ్లు దీని మీద చేసే చర్చ వింటే కూపన్ చేతిలో ఉన్న సంగతే మర్చిపోతాం. వాళ్ల సిద్ధాంతం సింపుల్. మామూలు రెజ్లింగ్ ఉత్త నాటకం, రక్తం కారేదే అసలు సిసలైనది. ఎంత రక్తమో అంత ప్రతిభ. ఈ లెక్కన ఐఎన్ఏ మార్కెట్లో మటన్ కొట్టే ఆయనకు సంగీత నాటక అకాడమీ అవార్డు ఎప్పుడో రావాల్సింది.

నాటకమన్న సంగతి రహస్యమేమీ కాదు. 1989లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో ఇప్పుడు డబ్ల్యూడబ్ల్యూఈ అని పిలిచే రెజ్లింగ్ కంపెనీ, అప్పటి డబ్ల్యూడబ్ల్యూఎఫ్ వాళ్లే చట్టసభకు చెప్పుకున్నారు, మాది పోటీ కాదు, వినోదమని. క్రీడ అని ఒప్పుకుంటే అథ్లెటిక్ కమిషన్ అజమాయిషీ, దాని వెంట పన్ను. పన్ను దగ్గరికి వచ్చేసరికి భూమ్మీద ఎవరికైనా నిజం చెప్పబుద్ధవుతుంది కాబోలు.

తమాషా ఏమిటంటే, మనవాళ్లు నిజమని కళ్లకద్దుకునే ఆ రక్తమే మొత్తం నాటకంలోకెల్లా పెద్ద నాటకం. నుదుటి మీంచి ధారగా కారేది చాలాసార్లు కుర్చీ దెబ్బ వల్ల వచ్చింది కాదు. మణికట్టుకు చుట్టుకున్న టేపులో చిన్న బ్లేడు ముక్క ఉంటుంది. కిందపడి, చేతులతో మొహం కప్పుకుని గిలగిల్లాడే ఆ రెండు క్షణాల్లో ఆయనే నుదురు కాస్త గీసుకుంటాడు. మిగతా పని చెమట చూసుకుంటుంది. చుక్క రక్తాన్ని మొహమంతా పూస్తుంది.

అసలు దెబ్బ ఇంకోచోట ఉంది. రింగు పరుపేమీ కాదు. ఇనప దూలాలు, వాటిమీద చెక్కలు, పైన పల్చటి ఫోము, గుడ్డ. దానిమీద వెల్లకిలా పడాలంటే గడ్డం ఛాతీకి ఆనించాలి, దెబ్బ ఒక్కచోటే తగలకుండా రెండు చేతులూ చాచి చరచాలి, పైగా చూసేవాడికి నడుం విరిగినట్టే ఉండాలి. రాత్రికో ఊళ్లో అలా పడి, తెల్లారి లేచి ఇంకో ఊరికి బస్సెక్కాలి. ఈ నొప్పికి రక్తం రాదు కాబట్టి మన రసజ్ఞుల ఖాతాలో జమ కాదు. 2010 ప్రాంతంలో తలమీద కుర్చీ దెబ్బల్ని డబ్ల్యూడబ్ల్యూఈ ఆపేస్తే, స్వర్ణయుగం ముగిసిందని వీళ్లే వాపోయారు. మెదడు దెబ్బతినేది అవతలివాడిది కదా, యుగం మాత్రం మనది.

డబ్ల్యూడబ్ల్యూఈ ఢిల్లీ వచ్చినప్పుడు ఆడేది ఇందిరాగాంధీ ఇండోర్ స్టేడియంలో. ఆ పేట పేరు ఇంద్రప్రస్థ ఎస్టేట్. ఆ పేరు పెట్టుకున్నాక ఆయుధంతో కొట్టడంలో కథ ఎలా ఉండాలో వీళ్లకు ఇంకొకరు నేర్పాలా? భీముడు దుర్యోధనుడి తొడ విరగ్గొట్టిన దెబ్బ రూల్సు ప్రకారం ఫౌలు. నాభి కింద గద తగలకూడదు. అయినా మన ఊళ్లలో ఆ ఘట్టానికి జనం లేచి నిలబడతారు. ఎందుకు? నిండు సభలో ద్రౌపదికి వాడు తొడ చూపించాడు, వీడు శపథం పట్టాడు, పన్నెండేళ్లు అడవులు పట్టి తిరిగారు, ఏడాది అజ్ఞాతంలో దాక్కున్నారు, పద్దెనిమిది రోజులు యుద్ధం చేశారు. ఆఖరున ఒకే ఒక్క దెబ్బ. తీర్థయాత్రల నుంచి అప్పుడే దిగిన బలరాముడు నాగలెత్తి మీదికి రావడం కూడా ఉంది, రిఫరీ కోపం. ఇన్నేళ్ల బిల్డప్ తీసేసి, వచ్చీ రాగానే భీముడు తొడ మీద బాదాడనుకోండి. అది భారతం కాదు, బస్టాండులో తగాదా.

అమెరికా రెజ్లర్ మిక్ ఫోలీ సంగతీ అంతే. 1998 జూన్ 28న పిట్స్‌బర్గ్‌లో అండర్‌టేకర్ ఆయన్ని పదహారడుగుల పంజరం పైనుంచి బల్ల మీదికి విసిరేశాడు. మనవాళ్ల ఫోన్లలో ఆ పడటమొక్కటే క్లిప్పుగా తిరుగుతుంది. కానీ వాళ్లిద్దరి పగ 1996 నుంచి నడుస్తోంది. స్ట్రెచర్ మీద మోసుకుపోతుంటే ఫోలీ దిగి, మళ్లీ అదే పంజరం ఎక్కాడు. కథ అక్కడుంది. క్లిప్పులో అది కత్తిరించేశారు.

ఇక మన రెజ్లర్ ఖలీ గారు. 2016 ఫిబ్రవరి 24న హల్ద్వానీలో ఆయన సొంత షోలోనే విదేశీ రెజ్లర్లు ముగ్గురు చుట్టుముట్టి కుర్చీతో కొట్టారు. తలకు కుట్లు, ఆసుపత్రి. హిందీ చానెళ్లు దాన్ని నేరవార్తంత గంభీరంగా చదివాయి. సరిగ్గా నాలుగో రోజున డెహ్రాడూన్‌లో ఖలీ తలకు కట్టుతో వచ్చి పగ తీర్చుకున్నాడు. నేను గాయాన్ని శంకించడం లేదు, తేదీల పొందికను మెచ్చుకుంటున్నాను. ఇంటర్వెల్ హల్ద్వానీలో, క్లైమాక్స్ డెహ్రాడూన్‌లో. మోటుగా ఉన్నా, అందులో కథ ఉంది. కొట్టినవాడెవడో, తిరిగి ఎందుకు కొట్టాలో గేటు దగ్గర పల్లీలమ్మేవాడికి కూడా తెలుసు.

కథ లేకుండా సరంజామా దింపితే ఎలా ఉంటుందో 2017 చూపించింది. జులైలో ఫిలడెల్ఫియాలో రెజ్లర్ జిందర్ మహల్ కోసం పంజాబీ ప్రిజన్ అని వెదురుబొంగుల పంజరం కట్టారు. గోధుమలు పండే పంజాబులో వెదురు జైలు ఎక్కడుందో కట్టినవాళ్లకే తెలియాలి. నవంబర్లో మహల్ ఛాంపియన్ బెల్టు పోయింది. డిసెంబర్ 9న ఢిల్లీ వచ్చి, ఇన్నాళ్లూ తన దేశమని చెప్పుకున్న గడ్డ మీదే ట్రిపుల్ హెచ్ చేతిలో ఓడాడు. ఓడాక ఇద్దరూ భాంగ్రా వేశారు. ఏడాదంతా పెంచిన విలన్‌ని ఒక్క పాటతో చుట్టాన్ని చేసి పంపారు.

అదే ఢిల్లీలో, 2023 డిసెంబర్ 21న, కుస్తీ యోధురాలు సాక్షి మలిక్ విలేకర్ల ముందు తన కుస్తీ బూట్లు బల్లమీద పెట్టి ఇక చాలంది. అది మ్యాచ్ కాదు, స్క్రిప్టూ కాదు. ఒలింపిక్ పతకం, జంతర్ మంతర్ దగ్గర ధర్నాలో పేవ్‌మెంట్ మీద గడిపిన రాత్రులు, ఆ ఏడాది మే 28న పోలీసులు ఈడ్చుకెళ్లడం, అన్నీ ఆ బూట్ల వెనక ఉన్నాయి. దాన్ని హార్డ్‌కోర్ అన్న రసజ్ఞుడు నాకింతవరకు తారసపడలేదు.

కాబట్టి, రేపు టికెట్ కొనబోయేవారికి ఒక మాట. రింగు కిందినుంచి కుర్చీ బయటికి తీయగానే పక్క సీట్లో పిల్లవాణ్ని అడగండి, "ఎందుకు కొడుతున్నాడు బాబూ?" అని. వాడు గుక్క తిప్పుకోకుండా చెప్పాడా, మీ డబ్బు గిట్టినట్టే, చివరిదాకా కూర్చోండి. "ఏమో అంకుల్, రక్తం వస్తుందట" అన్నాడా, లేచి వచ్చేయండి. ఐటీఓ మెట్రో స్టేషన్ నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది.