చీకట్లో సైకిలు విప్పడం ఎలా?

సైకిల్లో పోగొట్టుకోవడానికి వీలైన భాగాలు మూడు రకాలు: దొర్లేవి, ఎగిరేవి, ఊరికే మాయమయ్యేవి.

దొర్లేవాటిలో మొదట చెప్పుకోవలసినవి చక్రాల ఇరుసుల దగ్గర ఉండే ఉక్కు గుండ్లు. సైకిలు షాపుల్లో వీటిని బాల్స్ అంటారు. మామూలు నల్ల సైకిలుకు ముందు చక్రంలో అటు 10, ఇటు 10, వెనక చక్రంలో అటు 9, ఇటు 9 ఉంటాయి. ముందువి 3/16 అంగుళం, వెనకవి పావు అంగుళం. అంటే పెసరగింజకూ శనగగింజకూ మధ్య సైజు. ఎగిరేవాటిలో పేరున్నది చైను లాకు. స్క్రూడ్రైవరుతో నెట్టగానే ఎగురుతుంది. ఎటు ఎగిరిందో చూసినవారు లేరు. మూడో రకానికి ఉదాహరణ వాల్ ట్యూబు. వాల్ పిన్నుకు తొడిగే ఈ చిన్న రబ్బరు ముక్క చప్పుడు చేయదు, మెరవదు, దొర్లదు. ఉన్నచోటే ఉండి కనిపించకుండా పోతుంది.

వేళ

మరమ్మతు కరెంటు పోయాకే మొదలుపెట్టాలి. చక్రం పది రోజులుగా ఊగుతున్నా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండ ఊరికే వస్తున్నా తొందరపడకూడదు. మర్నాడు తెల్లవారకముందే పాలకేంద్రానికి వెళ్లవలసిన సైకిలైతే మరీ శ్రేష్ఠం.

స్థలం

ఇసుక వాకిలి, గడ్డి, తూముకు దగ్గరగా ఉన్న గచ్చు, ఈ మూడూ మేలైనవి. ఇంట్లోనే పని కానివ్వాలంటే మొజాయిక్ గచ్చు ఉండాలి. ఆ నలుపు తెలుపు రాళ్ల మధ్య ఉక్కు గుండు ఒకటి ఎక్కువైనా ఎవరూ గుర్తుపట్టలేరు. గచ్చు వాటం ఎటుందో తాపీమేస్త్రీ కన్నా బాల్‌కే బాగా తెలుసు. చేయి జారిన క్షణం నుంచి అది తూము వైపే నడుస్తుంది.

చక్రం కింద పాత తెల్లపంచె పరిస్తే పడింది పడినచోటే ఆగుతుంది, కనిపిస్తుంది కూడా. అందుకే సాధారణంగా వార్తాపత్రిక పరుస్తారు. దాని మీద పడ్డ బాల్ చప్పుడు చేసి తాను వెళ్తున్నట్టు చెబుతుంది. చెప్పడం వరకే దాని బాధ్యత.

వెలుతురు

లైటు పట్టడానికి ఇంట్లో అందరికన్నా చిన్నవాడిని పెట్టాలి. లైటు పట్టేవాడి చూపు ఎటుంటే వెలుతురు అటే ఉంటుంది. మొదటి రెండు నిమిషాలు అది చక్రం మీద, ఆ తర్వాత గోడ మీది బల్లి మీద ఉంటుంది. "ఒరేయ్, లైటు ఇటు చూపించరా" అనగానే అన్నవారి కళ్లలో పడుతుంది.

దీని ఫలితం చిన్నది కాదు. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఒక్కసారి సెల్‌ఫోన్ లైటు వంక చూస్తే ఆ సంపాదనంతా పోతుంది. పైగా మసక వెలుతురులో పనిచేసే కణాలు కంటిపొర నట్టనడుమ ఉండవు, చుట్టూ ఉంటాయి. అందువల్ల చీకట్లో పోయిన వస్తువును సూటిగా చూసినంతసేపూ కనిపించదు. కాస్త పక్కకు చూస్తే కనిపిస్తుంది. దొరికిందని అటు తిరగగానే మళ్లీ మాయమవుతుంది. దీన్ని బాల్ కొంటెతనంగా భావించేవారు ఉన్నారు. తప్పు కంటిది.

విప్పడం

చక్రాన్ని నిలబెట్టి విప్పాలి. పానాతో పై నట్టు వదులు చేసి, వాషరు తీసి, బాల్స్‌ను ఒత్తిపట్టే కోను చేత్తో తిప్పుకుంటూ రావాలి. లోపల గ్రీజు ఉంటే బాల్స్ తాము తిరిగే కప్పుకు అంటుకుని కూర్చుంటాయి, పని చప్పగా ముగుస్తుంది. మూడేళ్లుగా గ్రీజు ముఖం చూడని చక్రమైతే కోను చివరి మర దాటుతుండగా "టక్" అని ఒకటి పడుతుంది. ఏం పడిందో చూడ్డానికి వంగినప్పుడు చక్రం కూడా వంగుతుంది. మిగతావి ఒకేసారి రాలతాయి. అప్పుడు కంగారులో ఇరుసును రెండో వైపుకు లాగితే అటువైపువి కూడా కలుస్తాయి. అటు ఎన్ని, ఇటు ఎన్ని అని ముందే లెక్క పెట్టుకుంటే తర్వాత వాదించుకోవడానికి ఏమీ మిగలదు.

చక్రాన్ని పడుకోబెట్టి, కింద అంచున్న పళ్లెం పెట్టి, విప్పిన వరసలోనే భాగాలను పేర్చడం షాపువాళ్ల పద్ధతి. ఇళ్లలో చొక్కా జేబు వాడతారు. మొదటి బాల్‌ను వెతకడానికి వంగగానే జేబులోవి దానికి తోడు వెళ్తాయి.

వెనక చక్రానికుండే ఫ్రీవీలు సంగతి వేరు. దాని మూత అన్ని నట్లలా ఎడమకు తిప్పితే ఊడదు, బిగుస్తుంది. కుడికి తిప్పాలి. లోపల 1/8 అంగుళం బాల్స్ డజన్ల కొద్దీ రెండు వరసల్లో ఉంటాయి. వాటికి తోడు వెంట్రుక లాంటి స్ప్రింగులు. దాన్ని చీకట్లో విప్పేవారికి సలహాలు పనికిరావు, పెద్దల ఆశీస్సులు కావాలి.

వెతకడం

ఏదైనా పడగానే ఎవరూ కదలకూడదు. వాడుకలో మాత్రం ఇంటిల్లిపాదినీ పిలిచి తలోవైపూ నడిపిస్తారు. పడ్డది ఎవరి చెప్పుకో అంటుకుని వీధి చేరడానికి ఇదే దగ్గరి దారి.

పని జరిగే పద్ధతులూ ఉన్నాయి. టార్చిని పైనుంచి వేయకుండా నేలకు ఆనించి పెడితే ఎంత చిన్న గుండుకైనా బారెడు నీడ పడుతుంది. పాడైన స్పీకరులోని అయస్కాంతాన్ని నేల మీద తిప్పితే ఉక్కువి వచ్చి అంటుకుంటాయి. ఇత్తడి స్పోకు నిపుల్స్, వాల్ ట్యూబు రావు. ఇసుకలో పడితే అక్కడి ఇసుకంతా చేటలోకి ఎత్తి చెరిగితే బరువైన గుండు వెనకే ఉండిపోతుంది. ఈ విద్య తెలిసినవారు ఇంట్లో ఉంటారు. వారిని అడగడం ఆనవాయితీ కాదు.

బిగించడం

ఒకటి తగ్గినా చక్రం తిరుగుతుంది. ఈ మాట నిజమే కాబట్టి ప్రమాదం. బరువంతా మిగిలినవాటి మీద పడి కోను, కప్పు తొందరగా అరుగుతాయి. అరిగినవాటి మధ్య కొత్తది ఒక్కటి వేసినా సైజు తేడాతో బరువు సమంగా పంచుకోవు. మార్చితే ఆ పక్కవన్నీ మార్చాలి. అంతా బిగించాక ఒక వాషరు మిగిలితే దాన్ని గూట్లోని డబ్బాలో వేస్తారు. ఆ డబ్బాలో ఇంతకుముందరి సైకిళ్లవి అన్నీ ఉంటాయి, కావలసినది తప్ప.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని పెద్దలు ఊరికే అనలేదు. పగటి వెలుతురులో ఇది అరగంట పని. రాత్రి పోయిన బాల్ తెల్లవారి వాకిలి ఊడ్చేవారి చీపురుకు తగులుతుంది. అప్పటికి సైకిలు వెనక చక్రంలో ఒకవైపు ఎనిమిది బాల్స్‌తోనే పాలకేంద్రానికి బయలుదేరి ఉంటుంది.