రాజపాళయం నుంచి అమెరికాకు పెట్టె సర్దే విధానం

అమెరికాలో ఎమ్మెస్ సీటొచ్చిందా? అయితే పెట్టె సర్దుకోవడం నీ పని కాదని ముందే తెలుసుకో. అది అమ్మది, పెద్దమ్మది, ఇద్దరత్తలది, ఒకప్పుడు న్యూజెర్సీ చూసొచ్చిన ఎదురింటి మామది. నీ వంతల్లా జిప్పు పట్టేదాకా పెట్టె మీద కూర్చోవడమే.

విమానం వాళ్లు మామూలుగా 23 కిలోల పెట్టెలు రెండు ఒప్పుకుంటారు. ఈ లెక్క ఇంట్లో చెప్పకు, చెప్పినా నమ్మరు. "ఒక్క కిలోకి ఏమంటార్లేరా" అంటారు. ఆ మాట అనే వాళ్లు ఎందరుంటే అన్ని కిలోలు. తూకానికి నూలు గోడౌన్‌కి తీసుకెళ్లు. 1936లో రాజపాళయం మిల్స్ పుట్టిన ఊరు మనది, కాటాలకేం కొదవ? 170 కిలోల దూది బేళ్లు మోసిన కాటాకి నీ పెట్టె ఆనదు. ముల్లు బద్ధకంగా కదిలి 20 దగ్గర ఆగుతుంది. ఇంటిల్లిపాదికీ సంతోషం, ఇంకో రెండు పొట్లాలు లోపలికెళ్తాయి.

అసలు బరువు మదురై విమానాశ్రయంలో బయటపడుతుంది. అక్కడ కౌంటర్ పక్కన నేల మీద పెట్టె విప్పాల్సొస్తే స్వెట్టర్లు తీసి నాయన చేతికివ్వు. ఆవకాయ జాడీని మాత్రం తాకకు. చికాగో చలికి తట్టుకున్నవాళ్లున్నారు గానీ పెద్దమ్మ ఫోనుకి తట్టుకున్నవాళ్లు లేరు.

శ్రీవిల్లిపుత్తూరు పాల్కోవాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గనక అమెరికా కస్టమ్స్‌కీ ఆ సంగతి తెలిసే ఉంటుందని అత్త నమ్మకం. తిండి ఏది తెచ్చినా ముందే చెప్పాలని అక్కడి నియమం. చెబితే చూసి వదిలేస్తారు, లేదా తీసేసుకుంటారు. దాచి దొరికితే జరిమానా. "నీ పెట్టె నువ్వే సర్దుకున్నావా?" అని కూడా ఎవరో ఒకరు అడుగుతారు. మన ఇళ్ల సంగతి తెలిసినవాడెవడూ ఆ ప్రశ్న వేయడు. నువ్వు ధైర్యంగా "అవును" అని, పెట్టె తెరవగానే అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపో.

ఛత్రపట్టి బ్యాండేజీ చుట్టలు ఒక పటాలానికి సరిపడా పెట్టుకో, పక్క ఊరి సరుకు. మిక్సీ తప్పనిసరి. ఇక్కడ 230 వోల్టులకి గర్జించేది అక్కడ 120కి మూలుగుతుంది, పప్పు మాత్రం నలగదు. ఆ 120కి పనిచేసే మిక్సీలు మన దేశంలోనే దొరుకుతాయి. కానీ కొత్తది కొంటే పాతదేం కావాలి?

కుక్కపిల్లని చూసి ఏడవకు. మన రాజపాళయం జాతి దొరబిడ్డ అది. కావాలంటే తర్వాత వస్తుంది. అమెరికా దాన్ని అడిగేది ఆరు నెలల వయసు, ఒంట్లో మైక్రోచిప్, రేబిస్ టీకా, ఇంకొన్ని కాగితాలు. బ్యాంకు నిల్వ చూపించక్కర్లేదు, చెన్నై కాన్సులేట్లో ఇంటర్వ్యూకి నిలబడక్కర్లేదు, "చదువయ్యాక తిరిగొస్తావా" అని ఎవరూ నిలదీయరు.

ఇక పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలెయ్, మన తాతలంతా పొడి అక్షరాలతోనే బతికారు కదా. పూసపాటి వారింటి బిడ్డ కుమారస్వామి రాజా 1949లో మద్రాసు ప్రభుత్వ పగ్గాలు పట్టారు, తర్వాత ఒడిశా గవర్నరయ్యారు. అంత ఘనమైన ఇంటిపేరూ ఆయన సంతకంలో ఒక్క 'పి'కి ఒదిగిపోయింది. నీకేం తక్కువ? అయితే అమెరికా వీసాకి రెండు పేర్లు కావాలి. ఒక్కటే ఉంటే దాన్ని ఇంటిపేరు గడిలోకి తోసి, అసలు పేరు చోట 'ఎఫ్ఎన్‌యూ' అని కొడతారు, మొదటి పేరు తెలియదని దానర్థం. పేరుపెట్టడానికి పురోహితుణ్ణి పిలిపించిన నాయనకి ఈ సంగతి చెప్పకు. క్లాసులో ప్రొఫెసరు "ఫ్నూ" అని పిలిస్తే పలుకు. హాజరు ముఖ్యం.

చివరగా, సంఘాలు. తెలుగు సంఘం వాళ్లు నీ మాట విని "మీది చిత్తూరా?" అంటారు. తమిళనాడు అని చెప్పగానే చదవమని తెలుగు కరపత్రం చేతిలో పెడతారు. నువ్వు చదివింది తమిళ బడి, కాబట్టి బొమ్మలు చూసి తలాడించు. తమిళ సంఘంలో అంతా సజావుగా సాగుతుంది, అమ్మ ఫోను వచ్చేదాకా. గడగడా తెలుగులో మాట్లాడటం విన్నాక వాళ్ల చూపు మారుతుంది. బాధపడకు, రెండింట్లోనూ చందా కట్టు. ఉగాదికి వీళ్ల పులిహోర, పొంగల్‌కి వాళ్ల చక్కెర పొంగలి. దీపావళి భోజనాలు మాత్రం రెండు చోట్లా ఒకే శనివారం పెట్టే ప్రమాదం ఉంది, తారీఖులు సెప్టెంబర్లోనే కనుక్కో.