రెంటచింతల ఎండా, లూకస్ వారి పట్టికా

నరసరావుపేటలో పాత అంబాసిడర్ బానెట్ ఎత్తి నిలబడితే వీధికంతా పని దొరికినట్టే. టీ తాగేవాడు గ్లాసుతో సహా వస్తాడు, ఆటోవాడు దిగొస్తాడు. తీర్పు మాత్రం అందరిదీ ఒకటే. “బ్యాటరీ పోయింది బాబాయ్, మార్చెయ్!” సెల్ఫ్ తిరక్కపోయినా బ్యాటరీయే, హారన్ మూలిగినా బ్యాటరీయే.

బ్యాటరీని చార్జ్ చేసే డైనమోని అనుమానించే నాథుడే ఉండడు. తప్పు వాళ్లదీ కాదు. 2014లో తయారీయే ఆగిపోయిన కారు, అందులోనూ ఆల్టర్నేటర్ రాకముందు బండి. డైనమో అంటే సైకిలుకుండేదే కదా అంటాడు మా మేనల్లుడు.

ముందు ఫ్యాన్ బెల్టు నొక్కి చూడాలి. అర అంగుళానికి మించి లోపలికి పోతోందంటే సగం రోగం అక్కడే. బెల్టు బాగుంటే డైనమో వైర్లు రెండూ పీకి, దాని పెద్ద టెర్మినల్‌నీ చిన్నదాన్నీ ఒక తీగతో కలిపి, మీటరు ఒక కొస అక్కడా రెండోది బాడీకీ పెట్టి, ఇంజను కాస్త రేజ్ చేయాలి. ముల్లు చకచకా ఎక్కితే డైనమో నిక్షేపం. 20 వోల్టులు దాటనివ్వకూడదు. ముల్లు కదలకపోతే కార్బన్లు చూడాలి. ఒక వోల్టు దగ్గరే మొరాయిస్తే ఫీల్డు వైండింగు, 4, 5 దగ్గర ఆగిపోతే ఆర్మేచరు.

అసలు తమాషా రెగ్యులేటరు పెట్టెలో ఉంది. ఇందాకటి తీగ తీసేసి, డైనమో వైర్లు మళ్లీ పెట్టి, పెట్టెలోని కటౌట్ పాయింట్ల మధ్య కాగితం ముక్క దూర్చి, ఇంజను మెల్లగా రేజ్ చేస్తే ముల్లు ఒకసారి అదిరి నిలబడాలి. ఎక్కడ? వాతావరణం 20 డిగ్రీలుంటే సుమారు 16 వోల్టుల దగ్గర. ఆపైన పది డిగ్రీలకు 0.1 వోల్టు చొప్పున తగ్గాలి. ఈ రెగ్యులేటరును రూపొందించిన లూకస్ వారి పట్టిక 10 డిగ్రీల దగ్గర మొదలై 40 దగ్గర ఆగిపోతుంది. పాపం, బర్మింగ్‌హామ్ వాళ్లు! 10 డిగ్రీలు మాకు ఫ్రిజ్జులోనే దొరుకుతుంది. ఇక 40 అంటే రెంటచింతలలో మే నెల కబుర్లకు మొదలే గానీ చివర కాదు. పైగా కాయిలు వేడెక్కితే లెక్క తప్పుతుంది కాబట్టి పరీక్ష అర నిమిషంలో ముగించాలట. మాచర్ల రోడ్డు మీద మిట్టమధ్యాహ్నం కాయిలు వేడెక్కడానికి ఇంజను స్టార్ట్ చేయనక్కర్లేదు. అందుకే ఈ పని నేను పాలవాడు రాకముందే పెట్టుకుంటాను. ప్రేక్షకులూ తక్కువ.

మల్లమ్మ సెంటర్ ట్రాఫిక్‌లో ఆగినప్పుడు డాష్‌బోర్డు మీది ఎర్ర చార్జింగు లైటు మినుకుమినుకుమంటే కంగారు పడకండి. ఐడిల్‌లో డైనమో పెద్దగా కరెంటివ్వదు, దాని స్వభావమే అంత. ఇంజను వేగం అందుకున్నాక కూడా ఆరకపోతే అప్పుడు బానెట్ ఎత్తండి.

ఎవరైనా స్క్రూడ్రైవరుతో రెగ్యులేటరు స్క్రూ దగ్గరకొచ్చి “ఒక్క చుట్టు తిప్పుతా సార్, చార్జింగు దంచేస్తది” అంటే టీ తాగించి పంపేయండి. ఆ చుట్టుతో బ్యాటరీలో నీళ్లు ఉడుకుతాయి, ఆర్మేచరు మాడుతుంది. బెల్టు, కార్బన్లు, మీటరు అయ్యాకే స్క్రూ. అదీ పావు చుట్టుకు లోపే.