దొంగ సాక్ష్యం

శ్రావణమాసం. గద్వాల చీరల బజారులో కాలు పెట్టడానికి సందు లేదు. ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టు పెట్టి, రెండింటినీ పోగుకు పోగు కలిపి నేసే ఆ చీరకు పేరే ఊరి పేరు. తిరుమల శ్రీవారికి ఏటా వెళ్లే జోడు పంచెలు ఇక్కడి మగ్గాల మీదే తయారవుతాయి. పెళ్లి పెట్టుకున్న ఇంట్లో ఒక్క గద్వాల చీరైనా ఉండాలన్నది పాలమూరు తల్లుల పట్టుదల.

ఆ పట్టుదలతోనే నాగర్‌కర్నూల్ దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి వచ్చింది. యాభై దాటిన మనిషి. వనపర్తిలో బస్సు మారి, జీరో టికెట్లు కొంగున ముడేసుకుని, భుజాన గుడ్డసంచితో దుకాణం మెట్లెక్కింది. చిన్నకూతురి పెళ్లి కుదిరింది. పెద్దకూతురికి ఏ అంచు చీర పెట్టిందో చిన్నదానికీ అదే పెట్టాలి. ఇద్దరికీ తేడా చేసిందన్న మాట రేపు ఎవరి నోటా రాకూడదు.

"వంకాయ రంగు, చిలకపచ్చ అంచు చూపియ్యి నాయనా" అంది గుమాస్తాతో.

గుమాస్తా తెల్లదుప్పటి మీద వరసగా పరిచాడు. ఆమె పక్కనే కుర్చీలో ఒక మేడమ్ కూర్చుంది. చేతినిండా గాజులు, ఒళ్లో పెద్ద హ్యాండ్‌బ్యాగు. ఆమెకు సేటు స్వయంగా కూల్‌డ్రింకు తెప్పించాడు. పల్లె నుంచి వచ్చిన తల్లిని కూర్చోమన్నవాళ్లు లేరు. ఆమే దుప్పటి అంచున ఒదిగి కూర్చుని చీరలు తడుముతోంది. ఆమెకు నచ్చిన అంచు మేడమ్‌కూ నచ్చింది. అవే చీరలు అటూ ఇటూ చేతులు మారాయి.

కాసేపటికి మడతలు పెడుతున్న గుమాస్తా ఆగిపోయాడు.

"సేటూ, వంకాయ రంగుది ఒకటి తక్కువొస్తున్నది."

పద్నాలుగు వేల చీర. సేటు గల్లా మీంచి లేచి వచ్చాడు. మేడమ్ గొంతు తగ్గించి, "అనకూడదు గానీ, ఆమె సంచీలో వంకాయ రంగు కనిపిస్తోంది. ఒకసారి చూసుకోండి" అంది.

అంతే. సేటు సంచి గుంజాడు. లోపల చీర. వంకాయ రంగు, చిలకపచ్చ అంచు. బిల్లు లేదు.

"దొంగ దొరికింది!" అని ఎవరో అరిచారు. రోడ్డు మీద పోయేవాళ్లు కూడా లోపలికి తోసుకొచ్చారు. ఒకరు ఆమె జబ్బ పట్టుకున్నారు. ఒకరు షట్టరు సగం దించారు. ఫోన్లు పైకి లేచాయి.

"ఇది నాది సేటూ! నా పెద్దబిడ్డ పెండ్లిచీర. గిట్లాంటి అంచే కావాలని చూపియ్యనీకి తెచ్చిన."

"దొరికినోళ్లంతా గట్లనే చెప్తరు."

"ఇలాంటివాళ్లను వదలకండి" అంది మేడమ్. తనకు బస్సు వేళయిందని, మళ్లీ వస్తానని లేచింది. గొడవలో ఇబ్బంది పడ్డందుకు సేటు ఆమెకు చేతులు జోడించాడు. గుంపు పక్కకు జరిగి ఆమెకు దారి ఇచ్చింది.

అప్పుడే ఆ తల్లి చెయ్యెత్తి, "అగో... ఆమె..." అని ఏదో చెప్పబోయింది. ఎదురుగా వీడియో తీస్తున్న కుర్రాడు ఆ చేతిని ఒక్క దెబ్బ కొట్టి కిందికి దించాడు.

"నీ దొంగతనం పక్కోళ్ల మీదికి తోస్తవా?"

చెంప మీద కూడా ఒకటి పడింది. ఎవరు కొట్టారో ఆ గుంపులో తెలియలేదు. ఆమె మళ్లీ నోరు తెరవలేదు.

గుంపు తీర్పు ఎక్కడికి దారి తీస్తుందో ఈ నేలకు తెలియనిది కాదు. 2018లో పిల్లలను ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని వాట్సాప్‌లో వదంతులు పుట్టి, దేశంలో పలుచోట్ల అమాయకులను కొట్టి చంపారు. అప్పుడు ఇక్కడ ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి తన పోలీసులను గద్వాల, వనపర్తి పల్లెలకు పంపారు. వాళ్లు డప్పు కొట్టి, పాట కట్టి, ఇంటింటికీ తిరిగి ఒకటే చెప్పారు: వచ్చిన వీడియోనల్లా నమ్మొద్దు, కొత్త మనిషి కనిపిస్తే కొట్టొద్దు, మాకు ఫోన్ చెయ్యండి. జనం విన్నారు. ఈ పల్లెల్లో ఆ వదంతికి ఒక్క ప్రాణం పోలేదు. ఆ రోజు ఆ దుకాణంలో ఉన్నవాళ్లలో చాలామంది ఆ పాట విన్నవాళ్లే అయి ఉంటారు.

చివరికి చీర విప్పి చూద్దామన్న ఆలోచన వచ్చింది ఒక్కరికే. జాకెట్టు గుడ్డల దగ్గర పనిచేసే అమ్మాయి అది. గుంపును తోసుకుని వచ్చి, చీరను సేటు చేతిలోంచి తీసుకుని మడత విప్పింది. కుచ్చిళ్లు వచ్చే చోట కింద ఫాల్ కుట్టి ఉంది. కొంగు చివర పసుపు మరక. ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు.

"సేటూ, కొత్తచీరకు ఫాల్ ఎట్లుంటది?"

ఆ ప్రశ్న అడగడానికి అరగంట పట్టింది. విప్పి చూడటానికి అరనిమిషం చాలు.

గుంపు ఒక్కొక్కరుగా జారుకుంది. చెయ్యి చేసుకున్నవాళ్లు కనిపించలేదు. "సరే పో అమ్మా, పొరపాటు ఎవలకైనా అయితది. చీరలు చూస్తవా మరి?" అన్నాడు సేటు. ఆమె జవాబివ్వలేదు. పెద్దకూతురి చీరను మళ్లీ మడిచి సంచీలో పెట్టుకుని మెట్లు దిగింది. ఆమె ఎక్కిన బస్సు బీచుపల్లి దగ్గర కృష్ణ దాటకముందే వీడియో నాగర్‌కర్నూల్ చేరింది. "గద్వాలలో చీరల దొంగ, అందరికీ పంపండి" అని దాని కింద రాసి ఉంది. ఫాల్ సంగతి అందులో లేదు. అమ్మాయి చీర విప్పేసరికే తీసినవాళ్లంతా ఫోన్లు జేబుల్లో పెట్టుకున్నారు.

రాత్రి సేటు మళ్లీ లెక్క చూశాడు. ఒక చీర తక్కువే. దుకాణంలో ఉన్న ఒక్క సీసీ కెమెరా రికార్డు వెనక్కి తిప్పాడు. గుమాస్తా ఇంకో కట్ట కోసం బీరువా వైపు తిరిగిన క్షణంలో మేడమ్ చెయ్యి దుప్పటి మీదికి వచ్చింది. చెయ్యి వెనక్కి పోయేసరికి అక్కడ ఒక చీర లేదు. తరవాత ఏమైందో ఆమె వీపు చాటున పడింది.

ఎస్సై వచ్చి రికార్డు చూశాడు. వీడియోలు తీసినవాళ్లను పిలిపించి వాళ్ల ఫోన్లు కూడా చూశాడు. అన్నిటిలోనూ ఆ తల్లి ముఖమే. మేడమ్ ఒక్కదాంట్లో కూడా లేదు. ఆమె ఎలా ఉంటుందని అడిగితే సేటుకు గాజులు గుర్తొచ్చాయి గానీ ముఖం గుర్తు రాలేదు.

"నీ కళ్ల ముందు దొంగతనం జరిగితే మనిషిని ఆపొచ్చు సేటూ. ఆపితే ఆలస్యం చెయ్యకుండా, ఎంత లేదన్నా ఆరు గంటల లోపల మాకు అప్పజెప్పాలె. నువ్వైతే ఆమె తీసింది చూడనే లేదు. సంచి గుంజుడు, కొట్టుడు, షట్టరు దించి నిలబెట్టుడు నీ పని కాదు. ఆడమనిషిని సోదా చెయ్యాలంటే మా దగ్గర కూడా ఇంకో ఆడమనిషే చెయ్యాలె" అన్నాడు ఎస్సై. "2024 జూలై నుంచి కొత్త చట్టం వచ్చింది. ఐదు వేల లోపు సొత్తు, మొదటిసారి చేసిన తప్పు, సొమ్ము తిరిగిస్తే కోర్టు కూడా సమాజ సేవ చెయ్యమంటది. దొంగతనం చేసినోళ్లకే అట్ల. చెయ్యని మనిషికి నువ్వేం శిక్ష వేసినవో చూసుకో."

సేటు తల వంచుకున్నాడు. ఎస్సై రికార్డును ఇంకోసారి వెనక్కి తిప్పి, ఒకచోట ఆపాడు.

మేడమ్ చెయ్యి దుప్పటి మీద ఉంది. పక్కనున్న తల్లి కళ్లు సూటిగా ఆ చేతి మీదే ఉన్నాయి.

ముందుకు జరిపాడు. షట్టరు కింద నుంచి మేడమ్ మెట్లు దిగుతోంది. ఆ తల్లి చెయ్యెత్తి వేలితో ఆమెనే చూపిస్తోంది. కుర్రాడి దెబ్బకు ఆ చెయ్యి కిందికి పడింది. అప్పటికి మేడమ్ ఇంకా రెండో మెట్టు మీదే ఉంది.

"కళ్లారా చూసిన సాక్షి ఒక్కతే. కేసు నిలబడాలంటే ఆమె రావాలె" అన్నాడు ఎస్సై.

మర్నాడు కానిస్టేబుల్ ఆ పల్లెకు వెళ్లాడు. అప్పటికే వీడియో వియ్యాలవారి ఇల్లు చేరింది. ఆలోచించుకుని చెప్తామని వాళ్లు కబురు పంపారు. ఆ తల్లి అరుగు మీద కూర్చుని ఉంది. కానిస్టేబుల్ సంగతంతా చెప్పి, స్టేషనుకు వచ్చి చూసింది చూసినట్టు చెప్పమన్నాడు.

"చెప్పొస్తి గద సారూ, నిన్ననే. చెయ్యి చూపిస్తే కొట్టిరి" అంది ఆమె. "ఇయ్యాల ఊరంతటికీ నేను దొంగనే. దొంగ చెప్పే సాక్ష్యం చెల్లుతదా?"

ఆమె రాలేదు. చీర దొరకలేదు. వీడియో ఇంకా తిరుగుతూనే ఉంది. మీ ఫోనుకు వస్తే, దయచేసి ఇంకొకరికి పంపకండి.