మా బావ కాగితం పట్టడు

మల్యాలలో ఎవరికి పింఛను ఆగినా, పాసుబుక్కులో ఎవరి పేరు తప్పుపడినా మా బావ దగ్గరికే వస్తారు. కళ్ళద్దాలు సర్దుకుని అక్షరం వదలకుండా చదివి, అర్జీ రాసిచ్చి, అవసరమైతే తన బండి మీదే తహసీల్ ఆఫీసుకు తీసుకుపోతాడు. చాయ్ పైసలు కూడా తనవే. తన పేరుతో కాగితమొస్తే మాత్రం చేతులు వెనక్కి కట్టుకుంటాడు. "మనం పడితేనే గదరా అది మనదయ్యేది" అన్నది ఆయన ధర్మశాస్త్రం.

కరెంటు బిల్లు మీటరు మీదే ఎండిపోతుంది. బ్యాంకు ఉత్తరాలు విప్పకుండానే టీవీ కింద చేరతాయి. కొత్త నంబరు మోగితే ఫోను అక్క చేతికిచ్చి "కొండగట్టు పోయిండని చెప్పు" అంటాడు. ఈ లెక్కన కొండగట్టు అంజన్న గుడిలో ఆయన హాజరు ఆఫీసులో కంటే ఎక్కువ.

జగిత్యాలలో కిరాయికున్నప్పుడు ఆఖరి నెలల కిరాయి ఎగ్గొట్టాడు. ఆయన మాటల్లో ఎగ్గొట్టడం కాదు, "బోరు నీళ్ళు రాని నెలలకు కట్ చేసిన." ఓనరు దావా వేశాడు. సమను రిజిస్టర్ పోస్టులో వచ్చిననాడు బావ బనియను మీద గడపలోనే నిలబడి ఉన్నాడు. "నేను ఇంట్ల లేనని రాస్కో" అని పోస్ట్‌మ్యాన్‌తో తనే అన్నాడు. ఆ పిల్లగాడు నిజాయితీపరుడు, "తీసుకోవడానికి నిరాకరించారు" అని రాసుకుపోయాడు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం, నిరాకరిస్తే అందినట్టే. వాయిదా నాడు పిలిస్తే పలికే దిక్కు లేదు. ఎక్స్‌పార్టీ డిక్రీ అయిపోయింది.

ఆ డిక్రీ కింద జీతంలో కోత పడ్డాక గానీ బావకు కోపం రాలేదు. "నన్ను అడగకుండ నా మీద తీర్పెట్లిస్తరు?" అని వాడంతా వినబడేలా అరిచాడు. వకీలును కలిసేలోగా ఆర్డర్ 9 రూల్ 13 కంఠతా పట్టేశాడు. సమను సరిగ్గా అందకపోయినా, రాలేకపోవడానికి తగిన కారణమున్నా డిక్రీని కొట్టేయమని అడగొచ్చు. గడువు 30 రోజులు. సమను సరిగ్గా అందనివాళ్ళకు ఆ గడువు, డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి మొదలవుతుంది.

వెంట నేనూ పోయాను. వకీలు అంతా విని, "కేసు సంగతి మీకెప్పుడు తెలిసింది?" అని అడిగాడు.

బావ ఛాతీ విరిచాడు. "ముందు నుంచే తెలుసు సార్. అందుకే గదా కవరు పట్టలే!"

వకీలు పెన్నుకు మూత పెట్టాడు.

బావ మాత్రం చదువు ఆపలేదు. అదే కోడ్‌లో సెక్షన్ 60 దొరికింది. జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండొంతులు జప్తు చేయరాదు. 40,000 జీతమైతే నెలకు 13,000 మించి పోదు. పైగా ఒకే డిక్రీ కింద 24 నెలలు కోశాక, ఆ డిక్రీ పేరు చెప్పి మళ్ళీ జీతం జోలికి రాకూడదు. అర్ధరాత్రి నన్ను నిద్రలేపి మరీ చెప్పాడు: "సూశినవా బామ్మర్ది, చట్టం మన దిక్కే ఉన్నది!"

పొద్దున అక్క లెక్క కట్టింది. వడ్డీ, ఖర్చులు కలిపి డిక్రీ 91,000. ఏడు నెలల్లో మొత్తం తీరిపోతుంది, 24 నెలల దాకా పోనే పోదు.

బావ ముఖం వాడిపోయింది. చాలాసేపటికి నోరు విప్పాడు.

"గా ఇంట్ల ఇంకిన్ని దినాలుంటే మంచిగుండు గదనే."