ఎస్‌ఎఫ్‌టీకి ఎంత పడింది?

గృహప్రవేశానికి వచ్చినవాళ్ళు పాలు పొంగేదాకా ఓపిక పడతారు. ఆ తర్వాత ఇక ఆగలేరు. "ఎస్‌ఎఫ్‌టీకి ఎంత పడింది?" గోడలు నిటారుగా ఉన్నాయా, బాత్రూములో నీళ్ళు జాలీ వైపే పోతున్నాయా, అప్పు తీరడానికి ఎన్నేళ్ళు పడుతుంది, ఇవేవీ అక్కర్లేదు. అంకె కావాలి. యజమాని ఒక అంకె చెబుతాడు. అసలు అయినదానికంటే నాలుగు వందలు తగ్గించే చెబుతాడు, గెలిచినట్టు కనపడాలి కదా. అడిగినాయన పెదవి విరిచి, తన తోడల్లుడికి అంతకంటే రెండు వందలు తక్కువలోనే అయిపోయిందంటాడు. ఆ తోడల్లుడి ఇల్లు మనం చూసి ఉండం. రేటు తెలిశాక ఇక ఇల్లు చూడ్డం దేనికి?

ఈ రేటు మహిమ ఎలాంటిదో చూడండి. 25 అడుగులకు 40 అడుగుల ఇల్లొకటి, 20కి 50 ఇల్లొకటి. రెండూ వెయ్యి చదరపు అడుగులే. మొదటిదాని చుట్టుకొలత 130 అడుగులు, రెండోదానిది 140. పదడుగుల ఎత్తు గోడ అనుకుంటే రెండో ఇంటికి వంద చదరపు అడుగుల గోడ ఎక్కువ, లోపలా బయటా కలిపి రెండు వందల అడుగుల ప్లాస్టరింగు ఎక్కువ, దానిపైన లప్పం, రంగు. ఒక ఇంట్లో రెండు బాత్రూములు, ఇంకో ఇంట్లో నాలుగు. ఒకటి గట్టి మొరం నేల మీద, ఇంకోటి ఎండకు నెర్రెలిచ్చి వానకు ఉబ్బే నల్లరేగడి మీద. రేటు మాత్రం ఊరంతటికీ ఒక్కటే! క్యాటరింగ్ ఆయన కూడా ప్లేటుకు ఇంత అనే మాట్లాడతాడు గానీ, ముందు మెనూ చేతికిస్తాడు. గారెలు పడకపోతే విస్తరి ముందే నిలదీయొచ్చు. ఇంటికి మెనూ లేదు.

అదేం మాట, అగ్రిమెంటు ఉందిగా అంటారా? ఉంది. వంద రూపాయల స్టాంపు కాగితం, వెనక ఇంకో అర పేజీ. అందులో అన్నిటికన్నా అందమైన ముక్క "పేరున్న కంపెనీ స్టీలు, లేదా దానికి సమానమైనది". సమానమో కాదో తేల్చేదెవరు? స్టీలు కొనేవాడే. టైల్స్ ఫలానా రేటు వరకేనని ఇంకో ముక్క. షోరూముకు వెళ్తే ఆ రేటులో ఉన్నవి మూల గదిలో, బల్బు లేని చోట పేర్చి ఉంటాయి. ఇక సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ, గేటు, బోరు, కరెంటు మీటరు, బేస్‌మెంట్ నింపే మట్టి? "అవి మన స్కోప్‌లో లేవు సార్." నీళ్ళు నిలవకుండా, మలమూత్రాలు పోకుండా, కరెంటు రాకుండా ఉండే కట్టడానికి రేటు మాట్లాడుకున్నామని సారుకు అప్పుడు తెలుస్తుంది.

తప్పంతా కాంట్రాక్టర్ల మీదికి తోసెయ్యడం నాకిష్టం లేదు. నలుగురి దగ్గర కొటేషన్లు తీసుకుని, వివరాలు రాసిచ్చిన నలభై ఐటెముల కాగితాన్ని "ఇంత ఎవరు చదువుతారయ్యా" అని పక్కన పడేసి, ఒకే ఒక అంకె రాసిచ్చినవాణ్ణి పిలిచి, అందులోనూ ఇంకో యాభై తగ్గించమని బతిమాలేది మనమే. ఆ యాభై అతని ఇంట్లోంచి రాదు. మన స్లాబులోంచే వస్తుంది.

8 ఎంఎం రాడ్డు సంగతే తీసుకుందాం. 12 మీటర్ల నిండు రాడ్డు 4.74 కిలోలు తూగాలి. కాటా మీద పెడితే రెండు నిమిషాల్లో తేలిపోయే సంగతి. స్లాబు ఏ ముహూర్తానికి వెయ్యాలో పంచాంగం చూపించుకోని యజమాని లేడు, రాడ్డు తూకం చూపించుకున్న యజమాని నాకింతవరకూ తగల్లేదు. స్లాబు రోజు సందడిలో సారు ఫోను పట్టుకుని వీడియో తీస్తుంటాడు. రాడ్లకు కింద 20 మిల్లీమీటర్ల కవర్ ఉండాలి, అందుకు కవర్ బిళ్ళలు పెట్టాలి. చాలా సైట్లలో వాటికి బదులు దొరికిన కంకర రాయి ఉంటుంది, లేదా అదీ ఉండదు. సెంట్రింగ్ రేకుకు ఆనుకుపోయిన రాడ్డుకు కొన్నేళ్ళకు తుప్పు పడుతుంది, ఉబ్బుతుంది, సీలింగు పెచ్చులు మంచమ్మీద రాలతాయి. అప్పుడు సిద్ధాంతిగారిని పిలిచి ఈశాన్యం చూపిస్తాం.

వీడియోలో ఇంకోటి కూడా పడుతుంది, ఎవరూ గమనించరు. కాంక్రీటు కలిపే మిల్లరు దగ్గర కుర్రాడు "గట్టిగా ఉందన్నా, జారట్లేదు" అంటాడు. మేస్త్రీ "ఇంకో బకెట్ పొయ్యరా" అంటాడు. మామూలు ఇంటి స్లాబుకు వాడే ఎం-20 కాంక్రీటులో 50 కిలోల సిమెంటు బస్తాకు, ఇసుకలో తడితో కలిపి, నీళ్ళు 27 లీటర్ల చిల్లర దాటకూడదు. ఆ అదనపు బకెట్‌తో పని తేలికవుతుంది, స్లాబు బలం తగ్గుతుంది. ఎస్‌ఎఫ్‌టీ లెక్కలో తేడా ఏమీ రాదు, బకెట్ పోసినా పొయ్యకపోయినా వెయ్యి అడుగులే.

క్యూరింగు దగ్గర అయితే ఈ రేటు ఏకంగా చేతులెత్తేస్తుంది. కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఇళ్ళకు ఎక్కువగా వాడుతున్న పీపీసీ రకం సిమెంటుకు 10 రోజులు, కాంక్రీటు నిరంతరం తడిగా ఉండాలి. స్లాబు మీద మడులు కట్టి నీళ్ళు నిలపాలి, పిల్లర్లకు గోనెసంచులు చుట్టి తడపాలి. దీనికి డబ్బెంత? దాదాపు ఏమీ లేదు, మనిషి కావాలి అంతే. అందుకే అగ్రిమెంటు చివర చేతిరాతతో ఒక వాక్యం ఉంటుంది: "నీళ్ళు, కరెంటు, క్యూరింగ్ ఓనరువే." ఓనరేమో ఆఫీసులో ఉంటాడు. వాచ్‌మన్ పొద్దునోసారి పైపుతో పిల్లర్ల మొహాలు కడిగి టీకి వెళ్తాడు.

మనం రోజూ తిట్టుకునే ప్రభుత్వాన్నే చూడండి. వీధిలో మురుగుకాలవ కట్టించినా కాంక్రీటు ఘనపు మీటర్లలో, ప్లాస్టరింగు చదరపు మీటర్లలో, ఇనుము బరువులో కొలిచి కొలతల పుస్తకం ఎం-బుక్‌లో ఎక్కించందే బిల్లు కదలదు. రాసింది నిజమా అబద్ధమా అన్నది వేరే గొడవ, రాయడమన్నది ఒకటుంది. పీఎఫ్ సొమ్మూ, ఊళ్ళో అమ్మిన అరెకరం పొలమూ పోసి కట్టే ఇంటికి ఆ మురుగుకాలవపాటి పుస్తకం లేదు. అడిగితే "నమ్మకం సార్" అంటారు. నమ్మకం ఏ యూనిట్లలో కొలుస్తారో మరి.

స్లాబు పడేసరికి డబ్బులో ముప్పావు వంతు చేతులు మారుతుంది, పనిలో సగమే అవుతుంది. అక్కణ్ణుంచి "రేపు మనుషులొస్తారు సార్" అనే రేపులు నడుస్తాయి. ఎలాగో తలుపులెక్కి, రంగు పడి, ఆఖరి బిల్లు వేళకు కాంట్రాక్టరు స్వయంగా వస్తాడు. చదరపు అడుగంటే ఏ అడుగన్నది అప్పుడు తేలుతుంది. సారు గది లోపలి కొలతనుకున్నాడు, ఆయన స్లాబు అంచునుంచి అంచుకంటాడు. ఫ్లాట్లమ్మేవాళ్ళకైతే 2016 నాటి రెరా చట్టం కార్పెట్ ఏరియా అంటే ఏమిటో నిర్వచించి పెట్టింది. సొంత స్థలంలో ఇల్లు కట్టించుకునేవాడికి ఆ చట్టం వర్తించదు. కాబట్టి పోర్టికో, మెట్ల మీది హెడ్‌రూమ్, సన్‌షేడ్ చివరి అంగుళం దాకా టేపు పాకుతుంది. ఒక చివర కుర్రాడు పట్టుకుంటాడు, రెండో చివర ఆయనే వంగి, కళ్ళద్దాలు సర్దుకుని చదువుతాడు. ఆ సైట్‌లో కచ్చితంగా జరిగిన కొలత ఇదొక్కటే.